బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎడం

ఒక సెకను కదలికకు ఎన్ని బొమ్మలు గీయాలి? కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో బొమ్మలు గీసే అలవాటున్నవారికి యానిమేషన్ మీద మనసు పోగానే మొదట వచ్చే సందేహం ఇదే. ఒకరిని అడిగితే 24 అంటారు. ఇంకొకరు 12 చాలంటారు. జపాన్ వాళ్లు ఎనిమిదింటితోనే నెట్టుకొస్తారని మరొకరు చెబుతారు. ఈ మూడు జవాబులూ సరైనవే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఓపిగ్గా బొమ్మలన్నీ గీసి ప్లే బటన్ నొక్కితే బంతి పడదు, నిదానంగా దిగుతుంది. మనిషి నడవడు, నేలమీద తేలిపోతుంటాడు. ఒక్కో బొమ్మనూ విడిగా తీసి చూస్తే ఏ లోపమూ దొరకదు. గీత బాగుంటుంది, కొలతలు కుదిరి ఉంటాయి. తప్పంతా బొమ్మకీ బొమ్మకీ మధ్య వదిలిన ఎడంలో ఉంటుంది. ఆ ఎడాన్ని ఎవరూ గీయరు, దానికి రంగూ రూపూ ఉండవు. బొమ్మల్ని వరసగా ఆడించినప్పుడే అది బయటపడుతుంది.

యానిమేషన్ నేర్చుకోవడంలో పెద్ద భాగం ఈ ఎడాన్ని పట్టుకోవడమే. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చేసిన అతి పెద్ద మేలు కూడా ఇక్కడే కనిపిస్తుంది. గీసిన దాన్ని కదిలించి చూసుకోవడానికి ఒకప్పుడు రోజులు పట్టేది. ఇప్పుడు క్షణాలు చాలు.

కదలిక ఎక్కడ పుడుతుంది?

వినాయక చవితి పందిరికి కట్టిన సీరియల్ లైట్లలో ఒక్క బల్బూ తన చోటు వదలదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది, అంతే. చూసేవారికి మాత్రం వెలుగు తీగ వెంట పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. లేని పరుగు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి ఒక పాత వివరణ చాలా పుస్తకాల్లో ఉంది. చూసిన బొమ్మ కంట్లో కాసేపు నిలిచి ఉంటుందని, అది చెరిగిపోకముందే రెండోది వచ్చి చేరడంతో కదలిక పుడుతుందని ఆ వివరణ. కొంచెం ఆలోచిస్తే ఇది సరిపోదని తెలుస్తుంది. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడితే రెండూ కలగాపులగంగా కనిపించాలి గానీ ఒకే వస్తువు ఇక్కణ్నుంచి అక్కడికి జరిగినట్టు ఎందుకు కనిపించాలి?

మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇదే ప్రశ్నతో ప్రయోగాలు చేసి, 1912లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన చూపించినవి రెండు గీతలే, ఒకదాని తర్వాత ఒకటి. రెండింటి మధ్య వ్యవధి సెకనులో వెయ్యో వంతులు 30 దాకా ఉంటే గీతలు రెండూ ఒకేసారి వెలిగినట్టు కనిపించాయి. 200 దాటితే ఒకటి వెళ్లాక ఒకటి వచ్చినట్టు కనిపించాయి. సుమారు 60 దగ్గర మాత్రం రెండు గీతలు లేవు, ఒకే గీత ఒక చోటు నుంచి ఇంకో చోటికి కదిలింది. ఈ ప్రయోగాల్లో కూర్చుని చూసినవారిలో వోల్ఫ్‌గాంగ్ కోలర్, కుర్ట్ కాఫ్కా ఉన్నారు. వెర్తైమర్‌తో పాటు ఆ ఇద్దరూ తర్వాత గెస్టాల్ట్ మనస్తత్వ శాస్త్రానికి మూలపురుషులయ్యారు. వారు తేల్చింది ఇది: విడివిడి దృశ్యాల్ని కలిపి కదలికను తయారుచేసేది మెదడు.

కదలికను పసిగట్టడం మెదడుకు ప్రత్యేకమైన పని అనడానికి మరో ఆధారం 1983లో దొరికింది. మెదడు వెనక భాగంలో రెండు పక్కలా దెబ్బతిన్న ఒక మహిళ గురించి జర్మనీ పరిశోధకులు రాశారు. ఆమెకు రంగులు తెలుసు, మనుషులు తెలుసు, వస్తువులు తెలుసు. కదలిక ఒక్కటే తెలియదు. కప్పులోకి టీ పోస్తుంటే ఆ ధార గడ్డకట్టినట్టు కనిపించేది. మట్టం పెరగడం కనిపించక ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. దూరాన ఉన్న కారు ఉన్నట్టుండి పక్కనే ఉండేది. ఆ రెంటి మధ్య జరిగింది ఆమెకు చేరేది కాదు.

అంటే యానిమేటర్ గీసేది సగమే. మిగతా సగం చూసేవారి మెదడు పూరిస్తుంది. అయితే ఆ సాయానికి ఒక హద్దుంది. రెండు బొమ్మలు మరీ దూరంగా ఉన్నా, ఆకారంలో మరీ తేడాగా ఉన్నా మెదడు వాటిని ఒకే వస్తువుగా కలపలేదు. అప్పుడు కదలిక తెగిపోయి గెంతు కనిపిస్తుంది.

ఇరవై నాలుగా, పన్నెండా, ఎనిమిదా?

మూకీ సినిమాల కాలంలో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. వేగం ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. 1920ల చివర్లో మాటలు వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. ఫిల్ము వేగం మారితే గొంతు మారిపోతుంది. అందుకని సెకనుకు 24 ఫ్రేములు అన్న లెక్క స్థిరపడింది. ఒక్కో ఫ్రేము తెర మీద ఉండేది సెకనులో 24వ వంతు, దాదాపు 42 మిల్లీసెకన్లు.

ఫ్రేములు 24 ఉన్నంత మాత్రాన బొమ్మలూ అన్నే ఉండనక్కర్లేదు. ఒక్కో బొమ్మను వరసగా రెండు ఫ్రేముల పాటు నిలిపి ఉంచితే సెకనుకు 12 బొమ్మలే సరిపోతాయి. యానిమేటర్ల మాటల్లో ఇది ‘ఆన్ టూస్’, మన మాటల్లో రెండేసి లెక్క. ఫ్రేముకొక బొమ్మ గీస్తే ఒక్కేసి లెక్క. పది నిమిషాల సినిమాకు ఒక్కేసి లెక్కన 14,400 బొమ్మలు కావాలి, రెండేసి లెక్కన 7,200. చేత్తో గీసే మనిషికి ఈ తేడా నెలల మీద నెలలు.

ఈ పొదుపును చివరిదాకా తీసుకెళ్లినవాడు జపాన్‌కు చెందిన ఒసాము తెజుకా. 1963 జనవరిలో మొదలైన ఆయన ‘ఆస్ట్రో బాయ్’ వారం వారం అరగంట టీవీలో రావాలి. అందుకని ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపారు. శరీరం కదలకుండా నోరు మాత్రమే ఆడించారు, ఒకసారి గీసినవాటిని మళ్లీ మళ్లీ వాడుకున్నారు. జపాన్ టీవీ యానిమేషన్ ఆ దారిలోనే పెరిగింది.

రెండేసి లెక్కకు పొదుపుతో పని లేని ఉపయోగం కూడా ఉందని 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇంటూ ద స్పైడర్ వర్స్’ చూపింది. అది కంప్యూటర్‌లో తయారైన సినిమా, 24 ఫ్రేములూ వేర్వేరుగా ఉండడానికి అడ్డేమీ లేదు. అయినా కొత్తగా శక్తులు వచ్చిన కుర్రాడు మైల్స్‌ను మొదట్లో రెండేసి లెక్కన కదిలించారు. అదే షాట్‌లో అతని పక్కన ఊగుతూ వెళ్లే అనుభవజ్ఞుడు పీటర్‌ది ఒక్కేసి లెక్క. ఒకరి తడబాటు, ఇంకొకరి నేర్పు మాటల్లో చెప్పకుండానే తెలుస్తాయి.

ఎప్పుడు ఏది వాడాలన్నది ఎడం చెబుతుంది. నెమ్మదైన కదలికల్లో పక్కపక్క బొమ్మలు దగ్గరగానే ఉంటాయి కాబట్టి రెండేసి చాలు. చెయ్యి విసురుగా తిరిగినా, దృశ్యమంతా పక్కకు జరిగినా బొమ్మల మధ్య దూరం పెరుగుతుంది. అప్పుడు ఒక్కేసికి మారాలి.

బంతి చెప్పే పాఠం

యానిమేషన్ నేర్పే ప్రతిచోటా మొదటి అభ్యాసం కింద పడే బంతి. దీన్ని క్రిటాలో చేసి చూడవచ్చు. క్రిటా ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, దాని మూలసంకేతం కూడా అందరికీ తెరిచే ఉంటుంది. యానిమేషన్ సౌకర్యం దీనికి 2016లో వచ్చిన 3.0 వెర్షన్‌తో చేరింది. ఆ పనికి అవసరమైన డబ్బులో కొంత, వాడేవాళ్లే అంతకుముందు ఏడాది చందాలుగా ఇచ్చారు.

ముందుగా నేల ఒక లేయర్‌లో, బంతి మరో లేయర్‌లో ఉండాలి. నేల కదలదు కాబట్టి దాన్ని ఒక్కసారి గీస్తే చాలు. తెర అడుగున కాలపట్టిక ఉంటుంది. అందులో అడ్డు వరసలు లేయర్లు, నిలువు గడులు ఫ్రేములు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. బంతి లేయర్‌లో 0, 2, 4 అంటూ 12వ గడి దాకా ఒక గడి విడిచి ఒక గడిలో కొత్త ఫ్రేము పెట్టుకుంటే ఏడు బొమ్మలవుతాయి. మధ్యలో వదిలిన గడుల్లో ముందున్న బొమ్మే కొనసాగుతుంది. రెండేసి లెక్క తనంతట తానే కుదిరిపోతుంది.

మొదట గీయాల్సింది రెండు కొసలు: 0లో పైనున్న బంతి, 12లో నేలను తాకిన బంతి. ఇవి కీలక బొమ్మలు. తర్వాత నడిమి బొమ్మలు నింపాలి. రెండింటి మధ్య 720 పిక్సెళ్ల దూరం ఉందనుకుందాం. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని ఆరు సమభాగాలు చేసి, 120 పిక్సెళ్లకొక బంతి గీస్తారు. ఆడిస్తే బంతి ఒకే వేగంతో దిగుతుంది, బరువన్నది కనిపించదు.

పడే వస్తువు లెక్కను గెలీలియో నాలుగు వందల ఏళ్ల కిందటే చెప్పాడు. వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఆయన కనిపెట్టిన సూత్రం 1638లో అచ్చయిన పుస్తకంలో ఉంది. సమానమైన కాలవ్యవధుల్లో వస్తువు పడే దూరాలు 1, 3, 5, 7, 9, 11 ఇలా బేసి సంఖ్యల వరసలో పెరుగుతాయి. ఈ ఆరింటి మొత్తం 36. 720ని 36తో భాగిస్తే 20. కాబట్టి బంతుల మధ్య ఎడం 20, 60, 100, 140, 180, 220 పిక్సెళ్లు ఉండాలి. అవే ఏడు బొమ్మలు, అదే అర సెకను. ఈసారి మాత్రం బంతి నిజంగా పడుతుంది.

ఇందులో ఇంకో విశేషం దాగి ఉంది. అర సెకనులో వస్తువు పడే దూరం సుమారు నాలుగు అడుగులు. ఒక సెకనులో పడేది సుమారు 16 అడుగులు. అంటే పై బొమ్మల్నే 12 ఫ్రేముల్లో ఆడిస్తే చూసేవారికి నాలుగడుగుల ఎత్తు నుంచి పడిన బంతి కనిపిస్తుంది. ఒక్కో బొమ్మను నాలుగేసి ఫ్రేములు నిలిపి 24 ఫ్రేములకు సాగదీస్తే, కాస్త కుదుపుగానైనా, మేడ మీంచి పడిన పెద్ద బంతి అనిపిస్తుంది. బొమ్మలో గీత కూడా మారలేదు. వ్యవధి మారింది, దాంతో పరిమాణం మారిపోయింది. సినిమాల్లో రాక్షసులు, ఏనుగులు నెమ్మదిగా అడుగు వేయడానికి కారణం ఇదే.

ఇక చివరి ఎడం చూడండి, 220 పిక్సెళ్లు. బంతి వ్యాసం 100 పిక్సెళ్లయితే చివరి రెండు బొమ్మలు ఒకదాన్నొకటి తాకనైనా తాకవు. మెదడు వాటిని కలపడానికి ఇబ్బంది పడే చోటు ఇదే. అందుకే వేగంగా పడే బంతిని యానిమేటర్లు వెళ్లే దిశలో కోలగా సాగదీస్తారు. సాగిన ఆకారం రెండు స్థానాల మధ్య ఖాళీని కొంత పూడుస్తుంది. నేలను తాకాక బంతిని అణిచి గీస్తారు. సాగినా అణిగినా మొత్తం విస్తీర్ణం మారకూడదు, మారితే బంతి పెరిగి తరిగినట్టుంటుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ వృత్తి సూత్రాలు పన్నెండింటిని పుస్తకంలో క్రోడీకరించినప్పుడు మొదటి స్థానం ఈ సాగుడు, అణుగుడుకే ఇచ్చారు.

ఉల్లిపొర చూపించేది, చూపించనిది

కాగితం రోజుల్లో యానిమేటర్ బల్లకు మధ్యలో అద్దం, దాని కింద దీపం ఉండేవి. పల్చటి కాగితాలకు రంధ్రాలు చేసి మేకుల్లాంటి పిన్నులకు తగిలించేవారు. కింది కాగితం మీది గీతలు పై కాగితంలోంచి కనిపించేవి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పనిని ఆనియన్ స్కిన్ అనే సౌకర్యం చేస్తుంది. దాన్ని ఉల్లిపొర అనుకుందాం. క్రిటాలో లేయర్ పేరు పక్కన చిన్న బల్బు గుర్తు నొక్కితే వెనకటి బొమ్మలు ఎర్రగా, రాబోయే బొమ్మలు ఆకుపచ్చగా లీలగా కనిపిస్తాయి. ఎన్ని కనిపించాలో, ఎంత మసకగా కనిపించాలో మార్చుకోవచ్చు.

ఎడం కొలవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. పడే బంతిని ఉల్లిపొరలో చూస్తే పైన బంతులు ఒకదాన్నొకటి కప్పుకుని, కిందికి వచ్చేకొద్దీ విడిపోతూ ఉండాలి. చెయ్యి ఊపే మనిషిని గీస్తే వేలికొసలన్నీ ఒక వంపు మీద కూర్చోవాలి. ఏదైనా ఒకటి ఆ వంపు దాటి బయటికొస్తే, ఆడించినప్పుడు సరిగ్గా అక్కడే వణుకు వస్తుంది.

అయితే ఉల్లిపొర దూరాన్ని చూపుతుంది, కాలాన్ని చూపదు. పైన చెప్పిన నాలుగడుగుల ఎత్తు బంతికీ, మేడంత ఎత్తు బంతికీ ఉల్లిపొర ఒక్కటే. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలిచిందో అందులో కనపడదు. దానికి ఆడించి చూడడం తప్ప వేరే దారి లేదు.

ఆడించి చూడడం

1930ల్లో డిస్నీ స్టూడియోలో పెన్సిల్ బొమ్మల్ని ఫిల్ము మీద ఫొటో తీసి, ల్యాబ్‌లో కడిగించి, మూవియోలా అనే చిన్న యంత్రంలో తిప్పి చూసేవారు. ఈ పరీక్షకు పెన్సిల్ టెస్ట్ అని పేరు. చూసే గది ఇరుగ్గా, గాలాడకుండా ఉండడంతో దాన్ని చెమటపెట్టె అనే అర్థమొచ్చేలా పిలిచేవారు. అంతకుముందు కాగితాల్ని వేళ్ల మధ్య గబగబా తిప్పి చూసుకోవడమే ఆధారం. పెన్సిల్ టెస్ట్ వచ్చాక తప్పు రంగులద్దకముందే దొరికేది. కానీ గీసిన చెయ్యి జవాబు కోసం కెమెరా, ల్యాబ్ దాటి వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు ప్లే నొక్కడమే. కాకపోతే ఆ బటన్ వెనక కంప్యూటర్ చేసే పని చిన్నది కాదు. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న ఒక ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి నాలుగు బైట్ల చొప్పున ఫ్రేముకు దాదాపు 8.3 మెగాబైట్లు. లేయర్లన్నీ ఒకదాని మీద ఒకటి కలిపి, నీడలూ పారదర్శకతా లెక్కగట్టి, ఆ ఫ్రేమును 42 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. వెంటనే తర్వాతిది.

పెళ్లిలో భోజనాల పంక్తి కూర్చున్నాక ఎసరు పెడితే వడ్డన సాగదు. అందుకే వంటవాళ్లు ముందే వండి గుండిగలు నింపి పెడతారు. వడ్డించేవాళ్లు విస్తరికి చేర్చడమే తరువాయి. సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రేములన్నింటినీ ముందే కలిపి, తయారైన రూపంలో మెమరీలో దాచుకుంటుంది. ఈ నిల్వను క్యాష్ అంటారు. ప్లే నొక్కితే అక్కణ్నుంచి తీసి తెరకు అందించడమే. పులుసులో ఉప్పు తక్కువైతే ఆ గిన్నె ఒక్కటే సరిచేస్తారు గానీ వంటంతా మళ్లీ చేయరు. ఒక బొమ్మను దిద్దితే సాఫ్ట్‌వేర్ కూడా ఆ బొమ్మ ఉన్న ఫ్రేముల్నే కొత్తగా వండుతుంది. సిద్ధమైన ఫ్రేముల్ని క్రిటా కాలపట్టిక పైన వేరే ఛాయలో చూపుతుంది.

గుండిగలకూ చోటు కావాలి. పై లెక్కన ఒక సెకనుకు 200 మెగాబైట్లు, పది సెకన్లకు 2 గిగాబైట్లు. మామూలు ల్యాప్‌టాప్‌కు ఇది భారమే. అందుకని నిల్వను మెమరీలో కాకుండా డిస్కులో పెట్టుకునే వీలు, ఆడించేటప్పుడు ఫ్రేముల్ని చిన్న సైజులో చూసే వీలు క్రిటాలో ఉన్నాయి. మొత్తం ఆడించకుండా, పని చేస్తున్న ఆ ఒకటి రెండు సెకన్ల ముక్కనే పరిధిగా పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

కంప్యూటర్ అప్పటికీ అందుకోలేకపోతే? అప్పుడు రెండే దారులు. ఒకటి, ఫ్రేములన్నీ చూపిస్తూ నెమ్మదించడం. రెండు, కొన్ని ఫ్రేముల్ని వదిలేసి సమయానికి కట్టుబడడం. రెండో దానికి డ్రాప్ ఫ్రేమ్స్ అనే మీట ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే నష్టం పెద్దది. నెమ్మదించిన ప్రివ్యూ చూసి తన కదలికే మందంగా ఉందనుకుని గీసినవారు బొమ్మలు తీసేస్తారు. తీరా వీడియోగా మార్చాక పాత్ర హడావిడిగా పరుగులు తీస్తుంది. కాబట్టి వ్యవధి చూడాలంటే ఫ్రేములు వదిలే పద్ధతి, వంపులూ వణుకులూ చూడాలంటే ఫ్రేములన్నీ చూపే పద్ధతి వాడాలి. అనుమానం తీరకపోతే చిన్న సైజులో వీడియోగా తీసి చూడడం మంచిది.

తెర వల్ల వచ్చే కుదుపు మరొకటి ఉంది. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు తాజా అవుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అరసారి చూపడం కుదరదు కనుక ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు తెర మీదికి వస్తుంది. దృశ్యమంతా పక్కకు నెమ్మదిగా జరిగే చోట ఈ ఎగుడుదిగుడు బాగా తెలుస్తుంది. 120 సార్లు తాజా అయ్యే తెర మీద ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు కనిపిస్తుంది, కుదుపు మాయమవుతుంది. ఆ కుదుపును సరిచేయాలని బొమ్మలు దిద్దుతూ కూర్చుంటే శ్రమ వృథా.

ఏ దశలో, ఏం చూడాలి?

ముతక గీతల దశలోనే ఆడించి చూడడం అన్నిటికన్నా ముఖ్యం. కీలక బొమ్మలు మాత్రమే పెట్టి ఒకసారి, నడిమి బొమ్మలు చేరాక ఒకసారి, గీత శుభ్రం చేశాక ఒకసారి చూడాలి. రంగులద్దాక దొరికిన తప్పును దిద్దడానికి ఎవరికీ మనసొప్పదు. మొదటిసారి మొత్తం కదలికను అసలు వేగంలో చూడాలి. అనుమానం వచ్చిన చోట వేగం సగానికి తగ్గించి చూడాలి. అప్పటికీ అంతు చిక్కకపోతే ఒక్కో ఫ్రేమే ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడాలి. కాగితాల్ని వేళ్ల మధ్య తిప్పడం ఇప్పటి రూపంలో ఇదే.

బంతి కుదిరాక నడక మీదికి వెళ్లవచ్చు. మామూలు నడకలో ఒక్కో అడుగుకు 12 ఫ్రేములు, రెండడుగులకు 24. మడమ నేలను తాకడం, ఆ కాలి మీద ఒళ్లు దిగడం, రెండో కాలు దాన్ని దాటడం, ఒళ్లు లేవడం అనే నాలుగు భంగిమలు ఒక్కో అడుగుకూ కీలక బొమ్మలవుతాయి. బంతిలో నేర్చిన ఎడం ఇక్కడ నడుము ఎత్తులో పనికొస్తుంది.

నడకను ఆపకుండా తిప్పి చూసేటప్పుడు చాలామందికి ఒక చిన్న తొట్రుపాటు ఎదురవుతుంది. ప్రతి రెండడుగులకూ మనిషి ఒక్క క్షణం ఆగినట్టుంటాడు. 24వ ఫ్రేములోని బొమ్మ 0వ ఫ్రేములోనిదే కావడం దానికి కారణం. చుట్టు తిరిగి వచ్చేసరికి అదే భంగిమ వెంటవెంటనే రెండుసార్లు కనిపిస్తుంది. ఆడించే పరిధిని 0 నుంచి 23 వరకే పెడితే ఆ తొట్రుపాటు పోతుంది. రెండేసి లెక్కన 0 నుంచి 22 దాకా పన్నెండు బొమ్మలతో నడక పూర్తవుతుంది. ఆ పన్నెండు బొమ్మల్లో చేతులు, తల, బట్టల అంచులు కాళ్ల కన్నా ఒకటి రెండు ఫ్రేములు వెనకబడి ఎందుకు కదలాలో తర్వాతి అధ్యాయంలో చూద్దాం.